నడిమి మోడల్

అక్క చేతిలోంచి మైనం చెక్కే కత్తి మొదటిసారి జారిపడినప్పుడు ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆమె పనిచేసే ల్యాబులో దంతవైద్యులకు కట్టుడు పళ్ళు చేసి ఇస్తారు. ముందు మైనంతో పన్ను ఆకారం చెక్కాలి. నమిలే వైపు గుంటలూ మిట్టలూ తీయాలి. పక్క పన్నుతో ఎక్కడ ఒరుసుకుంటుందో చూసుకోవాలి. ఆ పనిలో అక్కది చేయి తిరిగిన పనితనం. ఆమె చెక్కిన పన్నుని పట్టుకుని "ఇది ఎవరి నోట్లోంచి పీక్కొచ్చారు?" అని డాక్టర్లు హాస్యమాడేవారు. అలాంటి మనిషి చేతిలోంచి కత్తి జారింది. తీసుకుంది. మళ్ళీ జారింది. "పొద్దున్నే చేతులకి వెన్న రాసుకొచ్చావా ఏమిటి?" అంది పక్క బల్ల ఆవిడ. అక్క కూడా నవ్వేసింది.

తరవాత జాకెట్టు హుక్కులు మొండికేశాయి. తరవాత తాళంచెవి తిరగనని భీష్మించింది. చూపించిన ప్రతి డాక్టరూ మందులు మార్చి ఇచ్చాడు గానీ, జబ్బు పేరు మాత్రం చాలాకాలం ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక పెద్ద డాక్టరు అక్కనీ బావనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పాడు. మెదడు నుంచి కండరాలకి కబురు మోసుకెళ్ళే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. చేతులతో మొదలైంది. కాళ్ళకొస్తుంది, నాలుకకొస్తుంది, ఆఖరికి ఊపిరికొస్తుంది. ఆపే మందు లేదు.

బావ లిఫ్టు మెకానిక్. ఆగిపోయినదాన్ని కదిలించడమే ఆయనకి తెలిసిన విద్య. "మార్చడానికి ఏమీ ఉండదాండీ? ఏ భాగమైనా?" అని అడిగాడట. డాక్టరు తల అడ్డంగా ఊపాడట. ఇదంతా బావ ఫోనులో చెబుతుంటే, ఊరికి ఆ చివర అద్దె గదిలో మంచం మీద కూర్చుని తమ్ముడు విన్నాడు. బావ దగ్గర్నుంచి అక్క ఫోను లాక్కుంది.

"ఒరేయ్ తూకం, ఏడుస్తున్నావా?"

"లేదక్కా."

"ఏడవకు. నాకో పని చేసిపెట్టు. మన పడవ ఆట ఉంది చూడు, అది ఆడే మెషిన్ ఇప్పుడెక్కడైనా దొరుకుతుందేమో చూడరా. చేతులు ఉండగానే నీతో ఒక్కసారి ఆడాలనుంది."

తూకం అన్న పేరు అక్క పెట్టిందే. చిన్నప్పుడు రెండు చొక్కాలు చూపిస్తే, దీని గుండీలు చూసి, దాని జేబు చూసి, మళ్ళీ దీని దగ్గరకొచ్చి, దుకాణం వాళ్ళు షట్టరు దించేదాకా తేల్చేవాడు కాడు. పెళ్ళిచూపుల్లోనూ అంతే. రెండు సంబంధాలొస్తే ఏది మంచిదో తూచుకుంటూ కూర్చున్నాడు. ఇతని తూకం పూర్తయ్యేలోపు ఆ పిల్లలిద్దరికీ వేరేవాళ్ళతో పెళ్ళిళ్ళయి, ఒకామెకి కవలలు కూడా పుట్టారు. ఇలాంటివాడికి దేవుడు చూసి చూసి కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం ఇచ్చాడని బావ వేళాకోళం చేసేవాడు. నిజమే, అక్కడ అతను రోజంతా చేసేది ఎదుటివాళ్ళ చేత రెండు అద్దాల్లో ఒకటి ఎంపిక చేయించడమే. ఎంత ముసలివాళ్ళొచ్చి ఎంత తటపటాయించినా విసుక్కోడు. అతనికి మంచి పేరుంది.

పడవ ఆట సంగతి ఇది. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో సాయంత్రం పనికి వెళ్ళేది. వెళుతూ వెళుతూ ఇద్దర్నీ లోపల పెట్టి గడియ వేసుకోమనేది. అమ్మకి తెలిసినవాళ్ళెవరో వాడి పక్కన పడేసిన గేమ్ మెషిన్ ఒకటి ఇంటికొచ్చింది. దానితో పాటు వచ్చిన ఒకే ఒక్క డిస్కు ఈ ఆట. తెర మీద ఒక నది, నది మీద ఒక పడవ, పడవలో ఇద్దరు. ఎడం తెడ్డు ఒకరిది, కుడి తెడ్డు ఒకరిది. ఇద్దరూ ఒకే లయలో మీట నొక్కితే పడవ ముందుకెళుతుంది. ఒకరు తప్పితే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. అక్కది ఎడమ, తమ్ముడిది కుడి. "హుప్... హుప్..." అని అక్క పక్కనుంచి తాళం వేసేది. ఆఖర్న నది సన్నబడి రెండు కొండల మధ్య నుంచి కిందికి దూకుతుంది. అక్కడ లయ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ చోటు వాళ్ళిద్దరూ ఏనాడూ దాటలేదు. ఇవాళ కాకపోతే రేపు దాటుతాం అనుకుంటుండగానే అక్కకి పెళ్ళయింది. అమ్మ చిన్న ఇంట్లోకి మారింది. ఆ మార్పులో మెషిన్ ఎవరింటికో పోయింది. తరవాత కొన్నేళ్ళకి అమ్మా పోయింది. డిస్కు మాత్రం తమ్ముడి పెట్టెలో ఉండిపోయింది.

అక్క అడిగిన మర్నాడే అతను డిస్కు తీసుకుని పాత ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళాడు. సందులో సందు, అందులో ఒక మూల గది. నేల నుంచి కప్పు దాకా టేపు రికార్డర్లూ, కెమెరాలూ, నోళ్ళు తెరిచిన కంప్యూటర్లూ. దుకాణం ఆయన స్టూలెక్కి పై అర మీంచి ఒక మెషిన్ దించి, గుడ్డతో దుమ్ము దులిపి, చిన్న టీవీకి తగిలించాడు. డిస్కు గిర్రున తిరిగింది. నది వచ్చింది. పడవ వచ్చింది.

మీట నొక్కాడు. తెడ్డు నీళ్ళలో పడింది. మళ్ళీ నొక్కాడు. నొసలు ముడిపడింది.

"కొంచెం ఆలస్యంగా పడుతోందండీ తెడ్డు," అన్నాడు.

దుకాణం ఆయన అతన్ని కిందా మీదా చూశాడు. "భలే పట్టారే. మామూలుగా ఎవరికీ తెలీదు. ఇది సన్నది కదా, ఆఖర్లో వచ్చిన మోడల్. గట్టిది, చప్పుడు చెయ్యదు, ఏళ్ళ తరబడి వాడినా ఏం కాదు. కాకపోతే పాత డిస్కులు దీంట్లో కొంచెం బద్ధకంగా ఆడతాయి."

ఆ రోజే అతనికి ఆ మెషిన్ మూడు రకాలుగా వచ్చిందని తెలిసింది. మొదట వచ్చింది లావుది. వాళ్ళింట్లో ఉన్నది అదే. పాత ఆటలు దాని మీద ఎలా ఆడాలో అలాగే ఆడతాయి గానీ, తొందరగా వేడెక్కుతుంది, డిస్కు చదివే కన్ను మసకబారుతుంది. ఆఖరున వచ్చింది సన్నది. ఈ రెండింటికీ మధ్య కొద్దికాలమే తయారుచేసి ఆపేసిన రకం ఒకటుంది. లావుదాని లోపలి సర్క్యూటు పలక, సన్నదాని చల్లదనం, రెండూ కలిసినది. పైకి చూస్తే లావుదానిలాగే ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే గాలి పోయే చీలికలు అడ్డంగా కాకుండా నిలువుగా ఉంటాయి. అదొక్కటే తేడా.

"అది దొరుకుతుందా?"

"దొరికితే నాక్కూడా ఒకటి చెప్పండి," అని నవ్వాడు దుకాణం ఆయన. "ఇంతకీ ఎవరికోసం?"

"మా అక్క అడిగింది. ఒంట్లో బాగాలేదు."

"అక్కగారికైతే ఇదిగో, రెండు కంట్రోలర్లతో సహా కట్టిచ్చేస్తాను. సాయంత్రానికల్లా ఆడుకోవచ్చు."

తమ్ముడు సన్నదాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మిగతా ఆటలకైతే పరవాలేదు. లయ మీద నడిచే ఆట ఇది. నొక్కిన క్షణానికి తెడ్డు పడకపోతే ఆ కొండల మధ్య చోటు ఎలా దాటతారు? అక్క అడిగింది ఒకే ఒక్క కోరిక. అది సరిగ్గా జరగాలి. "మళ్ళీ వస్తానండీ," అని బల్ల మీద పెట్టేశాడు.

ఇంటికెళ్ళి ఇంటర్నెట్లో చదవడం మొదలుపెట్టాడు. పాత మెషిన్ల పిచ్చి ఉన్నవాళ్ళు ప్రపంచం నిండా ఉన్నారు. లావుదే అసలైనదని ఒకడంటాడు. లావుదాన్ని పొగిడేవాడికి మతి లేదని ఇంకొకడంటాడు. ఏ నెలలో తయారైనవి మంచివో, ఏ అక్షరంతో నంబరు మొదలైతే లోపల ఏ పలక ఉంటుందో, వాళ్ళు కొట్టుకుచస్తూ రాసుకున్నదంతా అతను ఒక్క ముక్క వదలకుండా చదివాడు. దుకాణంలో మధ్యాహ్నం కస్టమర్లు లేనప్పుడు చదివాడు. బస్సులో నిలబడి చదివాడు.

అక్కని చూడ్డానికి వెళ్ళింది ఒక్కసారే. జబ్బు సంగతి తెలిసిన కొత్తలో. తలుపు తీసి "రారా తూకం" అంది. మనిషి ఎప్పటిలాగే ఉంది. కూర్చున్నాక మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో ఎత్తింది. ఎత్తుతుంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ గుంటపడి ఉండటం అతని కంటపడింది. చర్మం లోపలికి దిగిపోయి, కింద ఎముక తెలుస్తోంది. గ్లాసు పెదాల దాకా వెళ్ళేసరికి అక్క ముక్కు మీద చెమట పట్టింది. దుకాణంలో ఎవరో వస్తానన్నారని ఒక అబద్ధం అల్లి, పూర్తిగా కూర్చోకుండానే లేచాడు. మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నాడు.

అప్పట్నుంచీ ఫోనులోనే మాట్లాడేవాడు. అందులో కూడా మెషిన్ కబుర్లే.

"అక్కా, లావుది ఒకటి దొరికింది. తెచ్చుకున్నాను. కానీ డిస్కు మధ్యమధ్యలో ఆగిపోతోంది. విప్పి లోపలి కన్ను శుభ్రం చేస్తున్నాను."

"చెయ్యి. నీకు అద్దాలు తుడవడం అలవాటేగా."

వారం పోయాక, "అక్కా, ఇప్పుడు ఆగట్లేదు గానీ వేడెక్కి తెర మీద గీతలొస్తున్నాయి."

"గీతలొస్తే ఏమవుతుందిరా? నదిలో నాలుగు గీతలు ఎక్కువ కనిపిస్తే మునిగిపోతామా?"

"కాదక్కా, మధ్యలో ఆరిపోతే? సరిగ్గా ఆ ఆఖరి చోట ఆరిపోతే?"

"ఒరేయ్, ఏదో ఒకటి పట్రారా. బొమ్మ కదిలితే చాలు," అంది.

"ఇంకొక్క వారం. నడిమి మోడల్ ఉన్నవాళ్ళు ఒకరిద్దరు తగిలారు. అడుగుతున్నాను."

ఆ ఒకరిద్దరిలో ఒకరు పంపిన ఫొటోలో చీలికలు అడ్డంగా ఉన్నాయి. ఇంకొకరు జవాబే ఇవ్వలేదు. మరొకరి దగ్గరున్నది నడిమిదే గానీ నీళ్ళలో తడిసి తుప్పు పట్టింది. ప్రతిసారీ అతనికి నీరసం వచ్చేది. ఆ నీరసం అడుగున సన్నగా ఒక ఊరట కూడా ఉండేది. దాన్ని అతను తనకి తానే చూపించుకునేవాడు కాడు. వెతుకుతున్నంతసేపూ ఆ ఇంట్లో అక్క చేతులు ఆటకోసం ఎదురుచూస్తున్న చేతులే. వెతకడం అయిపోతే వాటి ఎదుటికి వెళ్ళి కూర్చోవాలి.

ఒకరోజు మధ్యాహ్నం బావ నేరుగా కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చాడు. పని మీంచి వచ్చినట్టున్నాడు, చొక్కా మోచేతుల మీద గ్రీజు మరకలున్నాయి. తమ్ముడు ఒక పెద్దావిడకి ఫ్రేము సరిచేస్తున్నాడు. ఆవిడ వెళ్ళేదాకా బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తరవాత దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"మీ అక్క ఎడం చెయ్యి పోయింది. తెలుసా నీకు?"

"ఫోన్లో చెప్పలేదే..."

"ఫోన్ నేను పట్టుకుంటే మాట్లాడుతోంది. అది కూడా చెప్పలేదుగా? ఎందుకు చెబుతుంది? నువ్వు ఎప్పుడు చేసినా ఆ పెట్టె గురించే సొద. మధ్యలో తన గోల ఎందుకని ఊరుకుంటోంది."

తమ్ముడు చేతిలో ఉన్న చిన్న స్క్రూడ్రైవరు మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు.

"కుడి చెయ్యి బొటనవేలు ఇంకా కొంచెం కదులుతోంది," అన్నాడు బావ. "నేను పెద్ద చదువుకున్నోణ్ణి కాదు బామ్మర్దీ. కానీ ఏదైనా ఆగిపోయే ముందు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇవాళ ఆ సన్నదేదో తీసుకుని ఇంటికి రా. మీనమేషాలు లెక్కపెట్టకు. నిన్ను బతిమాలుకుంటున్నాను."

"వస్తాను బావా. ఇవాళే వస్తాను. మీరు పదండి."

అన్నమాట ప్రకారమే సాయంత్రం పని కాగానే పాత సామాన్ల దుకాణానికి పరుగు లాంటి నడకతో వెళ్ళాడు. సన్నది ఇంకా పై అరలోనే ఉంది. దుకాణం ఆయన దించి, రెండు కంట్రోలర్లు పెట్టి, అట్టపెట్టెలో సర్ది, దారం కడుతున్నాడు. సరిగ్గా అప్పుడే తమ్ముడి ఫోను మోగింది. దూరపు ఊరి నుంచి ఎవరో. నడిమి మోడల్ తన దగ్గర ఉందనీ, చీలికలు నిలువుగానే ఉన్నాయనీ, కావాలంటే రేపే పార్సిల్ చేస్తాననీ. ఫొటోలు వచ్చాయి. పెద్దవి చేసి చూశాడు. అదే.

"ఉండండి," అన్నాడు. "ఇది వద్దులెండి."

దుకాణం ఆయన దారం ముడి మీద వేలు పెట్టుకుని అలాగే ఆగిపోయాడు. "మీ అక్కగారికి ఒంట్లో బాగాలేదన్నారుగా. ఇది ఇవాళ తీసుకెళ్ళండి. అది వచ్చాక ఇది నాకు తిరిగిచ్చేద్దురుగాని. నాకేం తొందర లేదు."

ఆ అట్టపెట్టె చంకలో పెట్టుకుంటే, బస్సెక్కిన గంటలో అక్క ముందు ఉండాలి. పార్సిల్ అయితే ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. "పార్సిల్ వచ్చేస్తుందండీ," అని గొణిగి బయటికొచ్చేశాడు. బావకి ఫోన్ చేసి అసలుది దొరికిందని చెప్పాడు. బావ "ఊఁ" అని పెట్టేశాడు.

పార్సిల్ దారిలో ఎక్కడో ఆగింది. ఎక్కడ ఆగిందో కనుక్కుంటూ రోజూ ఫోన్లు చేశాడు. ఎట్టకేలకు వచ్చింది. మెషిన్ దివ్యంగా ఉంది. వెనక నిలువు చీలికలు దువ్విన జుట్టులా తీరుగా ఉన్నాయి. గదిలో టీవీకి తగిలించి, ఒక్కో చేతిలో ఒక్కో కంట్రోలర్ పట్టుకుని రెండు తెడ్లూ తానే వేసి చూశాడు. నొక్కిన క్షణానికి తెడ్డు పడుతోంది. పిసరంత తేడా లేదు. ఎన్నాళ్ళకో అతని ముఖం విచ్చుకుంది. వచ్చిన సెలవురోజు పొద్దున్నే పెట్టె చంకన పెట్టుకుని అక్క ఇంటికి బయల్దేరాడు.

హాల్లో సోఫా లేదు. దాని చోట ఆసుపత్రి మంచం ఉంది, తల వైపు పైకి లేపి. దాని పక్కన చేతుల కుర్చీలో అక్క కూర్చుని ఉంది. ఒళ్ళో దిండు, దిండు మీద రెండు చేతులూ. ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టున్నాయి.

"వఛ్ఛావా," అంది. నాలుక మందంగా పలికింది.

అతను ఆమె ముఖంలోకి సూటిగా చూడలేక గబగబా పెట్టె విప్పాడు. వైర్లు తగిలిస్తూ ఎడతెగకుండా వాగాడు. చూశావా అక్కా, చీలికలు నిలువుగా. చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉందా. ఇలాంటివి ఎన్నో తయారవలేదట. అక్క అతన్నే చూస్తూ కూర్చుంది. బావ వంటింటి గుమ్మంలో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ చేతులు ఎప్పుడో ఆరిపోయాయి. అయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

నది వచ్చింది. ఆ సంగీతం వినగానే అక్క ముఖం మారింది. కళ్ళు పెద్దవి చేసి "హా" అంది. ఒక్క క్షణం పందొమ్మిదేళ్ళ అక్క అక్కడ కూర్చుంది. తమ్ముడు ఆమె ఒళ్ళోని దిండు మీద కంట్రోలర్ పెట్టి, ఆమె కుడి చెయ్యి ఎత్తి, బొటనవేలు మీట మీద ఉంచాడు. జబ్బు వచ్చాక ఆ చేతిని తాకడం అదే మొదలు. దానికి బరువు లేదు.

"నొక్కక్కా."

అక్క నొసటి నరం ఉబ్బింది. మెడ బిగుసుకుంది. బొటనవేలు చివర సన్నగా వణికింది. మీట కిందికి దిగలేదు. మళ్ళీ నొక్కింది. అతను కుడి తెడ్డు ఆపకుండా వేస్తున్నాడు. పడవ ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

"నేను సాయం పడతానుండు," అని బావ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె బొటనవేలు మీద తన మోటు బొటనవేలు వేశాడు. ఆయనకి లయ తెలీదు. "ఇప్పు... ఇప్పు..." అని అక్క చెబుతోంది. ఆ మాట నోటిలోంచి బయటికొచ్చేసరికి వేళ దాటిపోతోంది. పడవ ఒకసారి వంకరగా కదిలి, వెళ్ళి బండకి కొట్టుకుంది. అక్కకి నవ్వొచ్చింది. బావ కూడా నవ్వాడు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ బండ. ఈసారి నవ్వు సగంలోనే ఏడుపైంది. ఈ జబ్బులో అలా అవుతుందని తరవాత బావ చెప్పాడు. కన్నీళ్ళు ముక్కు పక్కనుంచి పెదాల మీదికి కారుతున్నాయి. ఆమె చేతులు దిండు మీంచి లేవవు. బావ తువ్వాలుతో తుడిచాడు.

"తీసెయ్," అంది.

తమ్ముడు టీవీ ఆపేశాడు. బావ నీళ్ళు తెస్తానని లోపలికెళ్ళాడు. అక్క ఊపిరి కూడగట్టుకుని, ఒక్కో మాటా నిదానంగా అడిగింది.

"ఆ ఛన్నదాంట్లో... ఏమయ్యేది?"

"నొక్కడానికీ తెడ్డు పడటానికీ మధ్య కొంచెం ఆలస్యం అక్కా."

"ఎంత?"

అతను చేతిలో ఉన్న వైరు చుట్టడం మొదలుపెట్టాడు. అక్క చూపు తిప్పలేదు. చెప్పేదాకా తిప్పేట్టు లేదు.

"ఎంతో లేదు... రెప్పపాటు కూడా కాదు."

అక్క కళ్ళు మూసుకుంది. ఎక్కడో వంటింట్లో నల్లా కారుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"నాకు భయమేసిందక్కా," అన్నాడు. "నీ చేతులు చూడలేకపోయాను. అందుకే రాలేదు."

ఆమె కళ్ళు తెరిచింది. "నాకెయ్యలేదా?" అంది.

ఆ తరవాత అతను రోజూ వెళ్ళాడు. దుకాణంలో అడిగి పొద్దుటి పని పెట్టించుకుని, మధ్యాహ్నం నుంచీ అక్క దగ్గరే ఉండేవాడు. మెత్తగా చేసిన అన్నం చెంచాతో పెట్టడం నేర్చుకున్నాడు. ఎంత పెడితే పొలమారుతుందో, ఎటు తిప్పి పడుకోబెడితే భుజం నొప్పి పుట్టదో నేర్చుకున్నాడు. గోళ్ళు తీశాడు. తల దువ్వాడు. అక్క ఎప్పుడూ దెప్పలేదు. అతను ఏం చేసినా చేయించుకుంది. ఒక్కోసారి అతను మాట్లాడుతుంటే గోడ వైపు చూసేది. వింటోందో లేదో తెలిసేది కాదు. క్షమించావా అని అడగడానికి నోటిదాకా వచ్చేది. అడిగితే ఆమె జవాబు కోసం పడాల్సిన ప్రయాస తలుచుకుని మింగేసేవాడు. కొన్నాళ్ళకి అడిగినా జవాబు చెప్పే నాలుక లేకుండా పోయింది. అవునంటే కళ్ళు మూసి తెరిచేది. కాదంటే చూపు పక్కకి తిప్పేది. ఆమెకి మిగిలిన మాటలు ఆ రెండే.

చివరికి జబ్బు ఊపిరికి వచ్చింది. పడుకుంటే ఆయాసం, కూర్చోబెడితే మెడ నిలవదు. ఆసుపత్రివాళ్ళు శ్వాస మెషిన్ పెట్టమన్నారు. అందులో రెండు రకాలు. ఒకటి ముఖానికి తొడుగు వేసేది, ఇంకొకటి గొంతుకి కన్నం చేసి గొట్టం పెట్టేది. బావ ఆ రెండింటి రంగు కాగితాలూ తెచ్చి తమ్ముడి ముందు పెట్టాడు. మనిషి నిద్రలేక వడిలిపోయి ఉన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు.

"నాకేం అర్థం కావట్లేదు బామ్మర్దీ. నువ్వు నిదానంగా చూస్తావు కదా. ఏది మంచిదో చెప్పు."

తమ్ముడు ఆ కాగితాలు తిప్పి కూడా చూడలేదు. అప్పటికే లేచి చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు. "ఇవాళ ఏది దొరికితే అది. నేను వెళ్ళి తెస్తాను. ముందు ఇంటికి రానీ, మిగతాది తరవాత చూద్దాం."

"ఆగు. మీ అక్కనొక మాట అడగాలి కదా."

ఇద్దరూ మంచం దగ్గరికి వెళ్ళారు. బావ వంగి మొదటిదాని గురించి మెల్లగా, వివరంగా చెప్పాడు. అక్క చూపు పక్కకి తిప్పింది. రెండోదాని గురించి చెప్పాడు. చూపు ఇటు తెచ్చి, తమ్ముణ్ణి చూసి, మళ్ళీ పక్కకి తిప్పింది.

"రెండూ వద్దా?" అన్నాడు బావ.

ఆమె కళ్ళు మూసి తెరిచింది.

బావ నుదురు మంచం కమ్మీకి ఆనించి అలాగే ఉండిపోయాడు. తమ్ముడు మాత్రం ఊరుకోలేకపోయాడు. మంచం చుట్టూ తిరిగి ఆమె చూపు ఎటు ఉందో అటు వెళ్ళి, మోకాళ్ళ మీద పడ్డాడు. "ఏదో ఒకటి ఒప్పుకోవే అక్కా. నేనుంటాను. నేనే చూసుకుంటాను, పగలంతా నేనే ఉంటాను. ఈసారి ఎక్కడికీ పోను. ఏదో ఒకటి అక్కా," అని బతిమాలాడు. ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చిన్నపిల్లాడిలా ఊపాడు. అక్క అతన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉందని తరవాత్తరవాత అనుకోవాలని ఎంతో ప్రయత్నించాడు గానీ, నిజానికి అలసట తప్ప అందులో ఏమీ లేదు. చివరికి చూపు పక్కకి తిప్పేసింది.

వేసవి ముదరకముందే పోయింది. ఒక పొద్దున, అతను దుకాణంలో ఉన్నప్పుడు. బావ ఫోన్ చేసి "రా" అన్నాడు, అంతే. అతను బస్సు కోసం ఆగకుండా ఆటోలో వెళ్ళాడు. వెళ్ళేసరికి బావ ఆమె ముఖం తుడిచి, జుట్టు సర్ది, కిటికీ తలుపులు తెరిచి పెట్టాడు. ఎవరూ లేనప్పుడు పోయిందా అని అడిగాడు తమ్ముడు. "నేనున్నాను. కాఫీ కలుపుతున్నాను. ఇటు చూసేసరికి..." అని బావ గ్లాసు వైపు చూపించాడు. గ్లాసు నిండుగా ఉంది, మీగడ కట్టి.

మనుషులొచ్చారు, వెళ్ళారు. చేయాల్సినవన్నీ చేశారు. అన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం ఆసుపత్రి మంచం పట్టుకెళ్ళడానికి వ్యాను వచ్చి కింద ఆగింది. డ్రైవరు ఒక్కడే వచ్చాడు, అతనికి నడుము నొప్పి. బావా, తమ్ముడూ కలిసి పరుపు తీసి గోడకి నిలబెట్టారు. మంచానికి చెరో వైపూ పట్టుకుని ఎత్తారు. గుమ్మం ఇరుకు. నిటారుగా పట్టలేదు, పక్కకి వంచి చూశారు, కమ్మీ తలుపు చట్రానికి గీరుకుంది.

"నీ వైపు ఇంకాస్త ఎత్తు," అన్నాడు బావ.

ఎత్తాడు. తిరగలేదు.

"దించు. దించి మళ్ళీ పడదాం."

దించారు. ఇద్దరికీ ఆయాసం వచ్చింది. మంచం సగం గదిలో, సగం బయట ఉంది. అవతల మెట్ల మీద బావ, ఇవతల ఖాళీ హాల్లో తమ్ముడు. కింద వ్యాను హారను మోగింది. బావ చొక్కా చేతితో ముఖం తుడుచుకుని మళ్ళీ వంగి కమ్మీ పట్టుకున్నాడు. తమ్ముడు కూడా వంగాడు. పట్టు దొరికింది గానీ, ఎత్తడానికి చేతుల్లో సత్తువ రాలేదు. అలాగే వంగి, ఆ చల్లని ఇనుము పట్టుకుని ఉండిపోయాడు. అవతలి నుంచి బావ తొందరపెట్టలేదు.